ఆధార్ లేని శరణార్థికి గుంటూరులో టీబీ మందులు ఇస్తారా?

ఇస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు అందరికీ ఉచితం, ఆధార్ లేదని వైద్యం ఆపకూడదు.

టీబీ గాలి ద్వారా అంటుకునే జబ్బు. ఒక్కరికి మందు ఆపితే ఇంట్లోవాళ్లకీ, ఇరుగుపొరుగుకీ ముప్పే. శరణార్థుల్లో ఇది చాలాసార్లు ఒకచోట స్థిరపడ్డాక బయటపడుతుంది. శిబిరంలో ఇరుకుగా బతికినప్పుడు ఒంట్లో చేరిన క్రిమి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండి, సరైన తిండి లేక ఒళ్లు నీరసించినప్పుడు విజృంభిస్తుంది.

ఉదాహరణకు, మయన్మార్ నుంచి వచ్చిన ఒకతను హైదరాబాద్‌లో రెండు నెలలు మందులు వాడి గుంటూరుకు మారాడనుకుందాం. పాత చీటీ మీదున్న నిక్షయ్ నంబరు (ప్రభుత్వం టీబీ రోగికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో చూపించాలి. మధ్యలో మానకుండా ఉంటే, ఆరు నెలల కోర్సులో మిగిలిన నాలుగు నెలలూ ఇక్కడే కొనసాగించవచ్చు. ఆ చీటీ మాత్రం పారేయకూడదు.

చాలామంది పొరబడేది డబ్బు దగ్గర. టీబీ రోగులకు పోషకాహారానికి ప్రభుత్వం ఇచ్చే నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడాలంటే కాగితాలు అడుగుతారు. అవి లేకపోతే మందులూ రావనుకుని ఆసుపత్రి గడపే తొక్కరు, అదే బాధ. ఆ డబ్బు వేరు, మందులు వేరు. దగ్గు రెండు వారాలు దాటితే ముందు కఫం పరీక్ష చేయించుకోవాలి.