బండి లేకుండా మడ అడవికి: కోరంగి బస్సు, పోటు లెక్క

కాకినాడలో ఉంటున్నామని, బండి లేదని, ఆదివారం పొద్దున బస్సెక్కి ఏదైనా అడవిలో కాసేపు నడిచి చీకటి పడేలోపు ఇల్లు చేరాలని అడిగారు. మీ అమ్మగారికి అరవై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పి అని కూడా రాశారు. అలా అయితే కోరంగి మడ అడవికి వెళ్ళండి. మీకు చాలామంది మారేడుమిల్లి పేరు చెప్పి ఉంటారు. దాని సంగతి చివర రాస్తాను.

పదేళ్ళుగా ఏడాదికి రెండు మూడుసార్లు నేను అక్కడికి బస్సులోనే వెళ్తున్నాను, ఎక్కువసార్లు మా అమ్మతో. కాకినాడ కాంప్లెక్స్‌లో యానాం వైపు వెళ్ళే పల్లెవెలుగు ఏదైనా ఎక్కవచ్చు. అమలాపురం బస్సులు కూడా ఆ దారినే వెళ్తాయి. అడవి ద్వారం ప్రధాన రహదారిని ఆనుకునే ఉంటుంది, కాకినాడకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం కదా, అమ్మగారి ఆధార్ కార్డు సంచిలో పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. కండక్టరుతో ఉత్త "కోరంగి" అనకండి, "మడ అడవుల గేటు" అనండి. మొదటిసారి నేను ఊరి పేరు చెప్పి ఊళ్ళో దిగి, అమ్మను ఎండలో లారీల పక్కన నడిపించాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

లోపల కొండ ఎక్కే పని లేదు. బురద మీద స్తంభాలు పాతి వేసిన చెక్కల బాట చెట్ల మధ్యగా సాగి కాలువ ఒడ్డున పడవల రేవు వరకు వెళ్తుంది. కాళ్ళు బాగున్నవారు గబగబా నడిస్తే ఇట్టే అయిపోతుంది. అందుకే "ఇంతేనా" అని నిరాశపడి వెనక్కి వచ్చేవారిని చాలామందిని చూశాను. వాళ్ళు తప్పు వేళకు వెళ్ళినవాళ్ళు.

బస్సు వేళ కన్నా ముందు పోటు వేళ చూసుకోండి. సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు ఆ అడవిలోకి ఎక్కి దిగుతుంది. ఎక్కడాన్ని పోటు అని, దిగడాన్ని పాటు అని మత్స్యకారులు అంటారు. పోటు నిండుగా ఉన్నప్పుడు చెక్కల బాట కింద మట్టిరంగు నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. పాటు మొదలైతే మాత్రం అడవి అసలు రూపం బయటపడుతుంది. పౌర్ణమికి, అమావాస్యకు దగ్గరగా నేను వెళ్ళిన రోజుల్లో పొద్దున తొమ్మిది ప్రాంతంలో నీరు నిండుగా ఉండి, మధ్యాహ్నం రెండు దాటేసరికి బురద తేలింది. ఆ తర్వాత రోజు రోజుకూ ఈ వేళ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అష్టమి దగ్గర్లో పోటుకూ పాటుకూ తేడా అంతగా ఉండదు. కాకినాడ రేవు పోటు పట్టికలు ఫోనులో దొరుకుతాయి, బయలుదేరే ముందురోజు ఒకసారి చూడండి.

పడవ ఎక్కాలంటే నీళ్ళు ఉండాలి, నడుస్తూ చూడాలంటే నీళ్ళు దిగాలి. అందుకని నేను పోటు ఇంకా తగ్గకముందే వెళ్ళి, నేరుగా రేవుకు నడిచి, ముందు పడవ ఎక్కుతాను. దిగాక తిరుగుదారిలో ఆగి ఆగి నడుస్తాను. అప్పటికి బురద తేలుతూ ఉంటుంది.

మొదట కనిపించేవి శ్వాసవేర్లు. పెన్సిళ్ళు గుచ్చినట్టు బురదలోంచి నిటారుగా వేలకు వేలు. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు ఈ వేర్లను పైకి పంపి ఊపిరి పీలుస్తుంది. వాటి మధ్య జానెడు కూడా లేని చేపలు ముందు రెక్కలను మోచేతుల్లా ఆనించి బురద మీద గెంతుతుంటాయి. కళ్ళు నెత్తిన ఉంటాయి. చిన్న పీతలు కన్నాల్లోంచి బయటికి వచ్చి, వాటిలో మగవి తమ ఒకే ఒక్క పెద్ద డెక్కను ఎత్తి ఊపుతుంటాయి, ఎవరినో దగ్గరికి రమ్మన్నట్టు. మీరు అడుగు వేస్తే చెక్క అదురుకు అన్నీ ఒక్కసారి మాయమవుతాయి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడండి, మళ్ళీ ఒక్కొక్కటే వస్తాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఇంతకన్నా అనువైన అడవి నాకు తెలియదు. ఇక్కడ ఎక్కువ దూరం నడిచినవారికన్నా ఎక్కువసేపు ఆగినవారికే ఎక్కువ కనపడుతుంది.

బాట మీదికి వంగిన తెల్లమడ కొమ్మ ఒకటి చూసి, ఆకు తెంపకుండా వేలితో రాసి నాలుకకు తాకించమని అమ్మకు చెప్పాను. "ఉప్పురా!" అంది, చిన్నపిల్లలా. వేళ్ళు పీల్చిన ఉప్పునీటిలోని ఉప్పును ఆ చెట్టు ఆకుల గుండా బయటికి తోసేస్తుంది. అయితే చెట్టు పేరు తెలియకుండా ఈ పని చేయకండి. పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపు తాత్కాలికంగా పోయే ప్రమాదం ఉంది. ఉప్పుపొన్న కనిపిస్తే మాత్రం తల పైకెత్తి చూడండి. కాయ చెట్టుకు ఉండగానే లోపలి గింజ మొలకెత్తి ములక్కాడలా కిందికి వేలాడుతుంది. బిడ్డను కాస్త పెంచి మరీ బురదలోకి దింపే తల్లి అది.

లకుముకి పిట్టలు, కొంగలు తప్పక కనపడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వలస పక్షులు కూడా ఉంటాయి. నీటికుక్కలను నేను పడవ మీంచి ఒక్కసారే చూశాను. బావురుపిల్లి రాత్రివేళ తిరిగే జంతువు, పగలు ఆశ పెట్టుకోకండి. ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మనం నడిచేది అందులో ఒక అంచు మాత్రమే.

తుఫాను హెచ్చరిక ఉంటే వెళ్ళవద్దు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1839 తుఫాను దాన్ని ఊడ్చేసింది. రంగం (రంగూన్) వెళ్ళిన మన తెలుగువారిని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు, అంత పేరున్న ఊరు. ఇది బస్సులో అమ్మగారికి చెప్పండి, ప్రయాణం తెలియదు.

చెక్కలు తడిగా ఉంటే జారుతాయి, వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోమనండి. దోమలు ఎక్కువ, నిండు చేతుల దుస్తులు మంచిది. నీళ్ళ సీసా తీసుకెళ్ళి ఖాళీది ఇంటికే తెచ్చుకోండి. పోటు వచ్చిన ప్రతిసారీ ప్లాస్టిక్ సంచులు వచ్చి ఆ శ్వాసవేర్లకు చుట్టుకుంటాయి. అవి చూస్తే నాకు గొంతు నొక్కినట్టే ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి నాలుగు గంటలకే రోడ్డు మీదికి రండి. ఆదివారం సాయంత్రం నిండిన బస్సులు ఆగకపోవచ్చు. అప్పుడు కాకినాడలోని జగన్నాథపురం వరకు షేర్ ఆటో పట్టుకోవచ్చు.

ఇక మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా బస్సులు ఉన్నాయి, అడవి అద్భుతం, జలతరంగిణి జలపాతం రోడ్డు పక్కనే ఉంటుంది. కానీ కాకినాడ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే పొద్దంతా బస్సులోనే గడుస్తుంది. ఒక రాత్రి ఉండగలిగితేనే వెళ్ళండి. రాజమండ్రి దగ్గర దివాన్‌చెరువు అడవిలోని పుష్కర వనం కూడా నడకకు బాగుంటుంది. 2024 సెప్టెంబరులో ఆ చుట్టుపక్కల చిరుత తిరిగింది కనుక, తెరిచి ఉందో లేదో కనుక్కుని బయలుదేరండి.

మీరు ఏ ఆదివారం అనుకుంటున్నారో రాయండి. ఆ రోజు తిథి, పోటు వేళ చూసి ఏ గంటకు బస్సెక్కితే మంచిదో చెబుతాను.