వెబ్‌ఎన్వ్‌ను స్క్రీన్ మీద వదిలేయకండి, ఫైల్లో రాసుకోండి

బయోపైథాన్‌తో (జీవశాస్త్ర పనులకు వాడే పైథాన్ ప్యాకేజీ) ఎన్‌సీబీఐలో (అమెరికాలోని జన్యు సమాచార భాండాగారం) వెతికి 4 వేల సీక్వెన్సులు (డీఎన్‌ఏ అక్షరాల వరుసలు) దించుతుంటే మధ్యలో నెట్ పోతోందని, మళ్లీ మొదటికే వస్తోందని, వెతికిన ఫలితాన్ని ఎలా దాచుకోవాలని అడిగారు. నాకూ ఇదే జరిగింది.

నేను భీమవరంలో రొయ్యల చెరువుల శాంపిళ్లు చూసే ల్యాబ్‌లో పనిచేస్తాను. పోయిన వేసవిలో విబ్రియో అనే బ్యాక్టీరియా 16ఎస్ జన్యువు సీక్వెన్సులు 6 వేల పైచిలుకు దించుతుంటే, సగం దాటాక కరెంటు పోయింది. ఫలితాలను సర్వర్లోనే దాచమని చెప్పే యూజ్‌హిస్టరీ=వై పెట్టే వెతికాను. ఫలితాల జాబితా ఎన్‌సీబీఐ సర్వర్లో భద్రంగానే ఉంది. కానీ దాన్ని తెరిచే వెబ్‌ఎన్వ్ (ఆ సెషన్ గుర్తు), క్వెరీ కీ (ఆ వెతుకులాట నంబరు) రెండూ టెర్మినల్లో ప్రింటయిన ఒక్క వరుసలోనే ఉన్నాయి. సిస్టమ్ ఆగిపోగానే అవీ పోయాయి. ఆ రోజంతా వృథా.

మా దగ్గర రైతు, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి తీసి చూశాక, ఇంకో చెరువు వైపు కదలకముందే గట్టు మీది షెడ్డులో పుస్తకం తీసి మేత లెక్క రాస్తాడు. ఇప్పుడు నా స్క్రిప్టూ అంతే. ఈసెర్చ్ (వెతికే కమాండ్) జవాబు రాగానే, ఒక్క రికార్డు కూడా దించకముందే, వెబ్‌ఎన్వ్, క్వెరీ కీ, మొత్తం సంఖ్య, వెతికిన పదం, తేదీ ఒక జేసన్ ఫైల్లోకి వెళ్లిపోతాయి. ఈఫెచ్‌కు (రికార్డులు దించే కమాండ్) వెబ్‌ఎన్వ్, క్వెరీ కీలతో పాటు రెట్‌స్టార్ట్ (ఎక్కడి నుంచి), రెట్‌మ్యాక్స్ (ఎన్ని) ఇచ్చి 200 చొప్పున తెస్తాను.

ప్రతి విడతనూ వేరే ఫైల్లో పెట్టండి, ఇది చాలా ముఖ్యం. ఒకే ఫైల్లో కలుపుతూ పోతే, మధ్యలో తెగిన విడత మళ్లీ దించినప్పుడు కొన్ని రికార్డులు రెండుసార్లు పడతాయి. ముందు తాత్కాలిక పేరుతో రాసి, ఫాస్టాలో (సీక్వెన్సులు రాసే ఫైలు పద్ధతి) రికార్డుకు ఒకటి చొప్పున '>' గుర్తుతో మొదలయ్యే వరుసలు లెక్కపెట్టి, అడిగినన్ని ఉంటేనే అసలు పేరు పెడతాను. తిరిగి నడిపినప్పుడు ఏ ఫైలు లేదో అక్కడి నుంచే మొదలవుతుంది, టెన్షన్ ఉండదు.

అయితే సర్వర్లోని హిస్టరీ శాశ్వతం కాదు. కొంతసేపు వాడకపోతే పోతుంది. మర్నాడు అదే పదంతో వెతికితే కొత్త రికార్డులు చేరి సంఖ్య మారవచ్చు, వరుస కూడా తారుమారు కావచ్చు. అప్పుడు పాత రెట్‌స్టార్ట్‌ను నమ్మలేం. అందుకే ఈసెర్చ్‌లో ఐడీటైప్=ఏసీసీ పెట్టి యాక్సెషన్ నంబర్లన్నీ (ఒక్కో రికార్డు గుర్తింపు నంబర్లు) కూడా అదే రోజు దాచుకోండి. రెట్‌మ్యాక్స్ పెంచకపోతే 20 మాత్రమే వస్తాయి, చూసుకోండి. చుక్క తర్వాతి వెర్షన్ అంకెను కత్తిరించొద్దు. సెషన్ పోయినా, మిగిలిన నంబర్లను ఈపోస్ట్‌తో (నంబర్ల జాబితాను సర్వర్‌కు ఎక్కించే కమాండ్) పంపితే కొత్త వెబ్‌ఎన్వ్ ఇస్తుంది.

ఏపీఐ కీ (ఎన్‌సీబీఐ ఖాతాలో తీసుకునే గుర్తింపు కోడ్) లేకుండా సెకనుకు 3 అభ్యర్థనలే పంపాలి, కీ ఉంటే 10. పెద్ద పనులు అమెరికా తూర్పు సమయం రాత్రి 9 నుంచి ఉదయం 5 మధ్య, లేదా శని, ఆదివారాల్లో చేయమని వాళ్లే చెబుతారు. మన గడియారంలో ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 2:30 వరకు ఏ కాలంలోనైనా సరిపోతుంది. నేను ల్యాబ్ తలుపు తీయగానే స్క్రిప్టు నడిపి శాంపిళ్ల పనిలో పడతాను.