ఉదయగిరి ముట్టడిని చిత్రించబోయే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి,
నెల్లూరు నుంచి తాతయ్య ఆశీస్సులు. కృష్ణదేవరాయలు మన ఉదయగిరి కొండకోటను ముట్టడించిన ఘట్టాన్ని సూక్ష్మచిత్రంగా (మినియేచర్‌గా) వేయాలని నీవు సంకల్పించావని మీ నాన్న చెప్పగా విని ఎంతో సంతోషించాను. గీత మొదలుపెట్టేముందు, 1590 దశకంలో అక్బరు చిత్రశాలలో రూపొందిన, ప్రస్తుతం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అక్బరునామా (అక్బరు పాలన చరిత్ర గ్రంథం) చిత్రాలను తీరికగా చూడు.

వాటిలో చిత్రకారుడు మిస్కినా కూర్చిన, రాజస్థాన్‌లోని చిత్తోడు కోట ముట్టడి చిత్రం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 1567 డిసెంబరులో మొఘలులు కోటగోడ కింద రెండుచోట్ల మందుగుండు కూరారు. మొదటిది పేలగానే సైనికులు గండిలోకి ఉరికారు, అంతలో రెండవది పేలి వారినే బలిగొంది. గెలిచిన పాదుషా కొలువులోని చిత్రకారుడు తన పక్షానికి జరిగిన ఆ నష్టాన్ని దాచకుండా, గాలిలోకి ఎగిరిన శరీరాలతో సహా రెండు పుటల నిండా చిత్రించాడు. యుద్ధచిత్రానికి ఆ నిజాయితీయే ప్రాణమని నా నమ్మకం.

అయితే నీకు ఎక్కువగా పనికివచ్చేది, రణథంబోరు కొండ మీదికి ఎద్దులు ఫిరంగులను ఈడ్చుకుపోయే చిత్రం. 1513లో మొదలై 1514లో ముగిసిన మన ఉదయగిరి ముట్టడి కూడా ప్రధానంగా దారి కోసం పడిన శ్రమే. మనుషులు ఒక్కొక్కరుగా తప్ప వెళ్లలేని ఇరుకు బాట ఉన్న ఆ కొండ మీద కృష్ణదేవరాయలు పెద్ద పెద్ద బండలను పగలగొట్టించి వెడల్పైన దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. కనుక కాగితంలో సగమైనా రాళ్లు కొట్టినవారికి ఇవ్వు. రాయలవారు ఒక పక్కన చిన్నగా ఉన్నా లోటు లేదు.

మొఘలు సైనికుల వేషాలను మాత్రం ఇక్కడికి తేవద్దు. లేపాక్షి చిత్రాల్లోని పొడవాటి కుళ్లాయిలను, హంపి హజారరామాలయ ప్రాకారం మీద చెక్కిన సైనికుల, ఏనుగుల వరుసలను చూసి గీసుకో.

సూక్ష్మచిత్రంలో కోట పైనుంచీ ఎదురుగానూ ఒకేసారి కనిపిస్తుంది, దూరాన ఉన్న మనిషి కూడా అంతగా చిన్నబోడు. అందువల్ల కొండను ఊరి నుంచి ఒకసారి, పైకెక్కి మరొకసారి గీసుకుని, ఆ రెండింటినీ ఒకే చిత్రంలో కలుపు. ఎండలు ముదిరితే ఆ ఎక్కుడు కష్టం, సంక్రాంతి సెలవుల్లోనే రా. ఉడుత వెంట్రుకల కుంచె కోసం వెతకవద్దు, మొన నిలిచే నైలాన్ కుంచె చాలు. చిత్తుగీత పూర్తి కాగానే, రంగులు వేయకముందే నాకు పంపు. రాళ్లు కొట్టేవారి భుజాలూ చేతులూ సరిగా కుదిరాయో లేదో ముందు చూస్తాను.

మీ తాతయ్య