మూడు రాత్రులు కూర్చుని గుడి గంట చేశాడు... వీడికి ఇంజినీరింగా, సంగీతమా?

ప్రశ్న: మేం సైనిక్‌పురిలో ఉంటాం. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే ఒకాయన దగ్గర ఏడాది క్రితం యమహా డీఎక్స్7 అనే పాత కీబోర్డు 35 వేలకు కొన్నాడు. వాళ్ల మేనమామ కొంత ఇచ్చాడు, మిగతాది తను దాచుకున్నదే. అప్పటి నుంచి రాత్రిళ్లు దాన్ని కంప్యూటర్‌కి తగిలించి ఏవో శబ్దాలు చేస్తూ కూర్చుంటాడు. మొన్న గుడి గంట శబ్దం రావాలని మూడు రాత్రులు మేలుకున్నాడు. కాలేజీ టెస్టుల్లో మార్కులు తగ్గాయి. ఇప్పుడు అటారీ ఎస్‌టీ అనే 1980ల నాటి కంప్యూటర్ కూడా కావాలంటున్నాడు. ఇంజినీరింగ్ వద్దు, ఏడాది సౌండ్ ప్రొడక్షన్ డిప్లొమా చేస్తానంటాడు. దాని ఫీజు ఐదు లక్షలు. వాళ్ల నాన్నేమో కీబోర్డు అమ్మేస్తానంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. ఈ పని రేపు అన్నం పెడుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా ఆ కీబోర్డు అమ్మనివ్వకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. అది అమ్మేస్తే మార్కులు పెరగవు, అబ్బాయి మీతో మాట్లాడటం మానేస్తాడు అంతే. ఇలాంటి ఇళ్లు నేను చాలా చూశాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఆ గుడి గంట. మూడు రాత్రులు మేలుకున్నాడని మీరు బాధపడుతూ రాశారు. ఆ మూడు రాత్రులూ వాడు ఏం చేశాడో చెబుతాను, వినండి.

డీఎక్స్7 1983లో వచ్చింది. అంతకుముందు సింథసైజర్ల (శబ్దాలను కరెంటుతో తామే పుట్టించే ఇలాంటి వాయిద్యాల) ముందు భాగం నిండా తిప్పుకునే నాబ్‌లు ఉండేవి. దీనికి అవి లేవు. వరసగా చదునైన బటన్లు, రెండు స్లైడర్లు, రెండు లైన్ల చిన్న తెర, లైనుకు 16 అక్షరాలు. లోపల ఒక్కో శబ్దానికి ఆరు సైన్ తరంగాలు, వాటిని ఒకదానితో ఒకటి కలపడానికి 32 పద్ధతులు. ఒక తరంగం ఫ్రీక్వెన్సీని ఇంకో తరంగంతో చాలా వేగంగా ఊపితే కొత్త స్వరాలు పుట్టుకొస్తాయని 1967లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ అనే ఆయన కనిపెట్టారు. దాన్నే ఎఫ్‌ఎం సింథసిస్ అంటారు. యమహా ఆ పద్ధతి హక్కులు తీసుకుని తయారుచేసిన వాటిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఈ యంత్రమే.

ఇప్పుడు గంట సంగతి. ఒక తరంగం 200 హెర్ట్జ్, అంటే సెకనుకు 200 సార్లు ఊగేది, దాన్ని ఊపేది 280 హెర్ట్జ్ అనుకోండి. అప్పుడు 200కి అటూ ఇటూ 280 చొప్పున కొత్త స్వరాలు వస్తాయి. పైకి 480, 760. కిందికి లెక్కేస్తే సున్నా దాటిపోతుంది, అవి తిరిగి 80, 360గా వినిపిస్తాయి. మామూలు స్వరంలో అయితే లోపలి స్వరాలు అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా వరసలో ఉంటాయి. ఇక్కడ ఆ వరస లేదు. అందుకే చెవికి కంచు మోగినట్టు ఉంటుంది. అదే 280ని 300 చేస్తే వచ్చేవి 100, 400, 500, 800. అన్నీ 100కి రెట్లే. వెంటనే గంట పోయి, హార్మోనియం జాతి శబ్దం వచ్చేస్తుంది. మీ వాడి యంత్రంలో ఈ తేడా 1.40 (280ని 200తో భాగిస్తే వచ్చేది) అనే అంకెను 1.50 చేయడమే.

అక్కడితో అయిపోదు. గుడిలో గంట కొట్టగానే ఒక్కసారి కంగుమంటుంది, ఆ పైస్వరాలన్నీ ముందు చచ్చిపోతాయి, కిందిది మాత్రం సాగుతూ సాగుతూ ఉంటుంది. అది రావాలంటే ఏ తరంగం ఎంతసేపట్లో తగ్గాలో ఒక్కోదానికీ విడివిడిగా అంకెలు వేయాలి. ఆ చిన్న తెరలో ఒకసారి ఒక్క అంకే కనిపిస్తుంది. మార్చాలి, వినాలి, మళ్లీ మార్చాలి. నాబ్ తిప్పి సరిపెట్టుకునే వీలు లేదు.

అమ్మా, ఇది ట్రిగనోమెట్రీ. కాలేజీలో వాడు సైన్ ఫార్ములాలు బట్టీ పడుతున్నాడు, ఇంట్లో అవే ఫార్ములాలను చెవితో వింటున్నాడు. ఆ రెండూ ఒకటేనని వాడికి చెప్పిన లెక్చరర్ ఒక్కరు ఉన్నా మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదేమో. ఇంజినీరింగ్‌లో ఈసీఈ తీసుకుంటే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ అనే సబ్జెక్టులు వస్తాయి. చాలామంది పిల్లలు పాస్ మార్కుల కోసం చదివి వదిలేసేవి అవే. మీ వాడు వాటిని చదవడానికి ఎదురుచూస్తాడు.

అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను. ఐదు లక్షల డిప్లొమా ఇప్పుడు వద్దు. ఈసీఈ చేయించండి. కుదిరితే సిగ్నల్ ప్రాసెసింగ్ బాగా చెప్పే కాలేజీ చూడండి. మన ఊళ్లోనే ట్రిపుల్ ఐటీలో స్పీచ్ ప్రాసెసింగ్ మీద పరిశోధన చేసే ల్యాబ్ ఉంది. మాటను కంప్యూటర్‌తో విశ్లేషించే లెక్కలకూ, స్వరాన్ని పుట్టించే లెక్కలకూ దగ్గర చుట్టరికం ఉంది. అక్కడ సీటు రావడం కష్టమే, కానీ ఎందుకు చదవాలో తెలిసిన పిల్లాడికి ఆ కష్టం వేరుగా ఉంటుంది.

డిప్లొమాలన్నీ పనికిరానివని నేను అనడం లేదు. వాటిలో ఎక్కువ వాటిలో నేర్పేది ఒకటి రెండు సాఫ్ట్‌వేర్‌లు వాడటం, మైకులు పెట్టడం, మిక్సింగ్. మీ వాడు అందులో సగం ఇప్పటికే సొంతంగా నేర్చుకుని ఉంటాడు. నిజంగా శబ్దాన్నే వృత్తిగా చేసుకోవాలంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ అనే సినిమా శిక్షణ సంస్థలు ఉన్నాయి. రెండూ ప్రభుత్వ సంస్థలు. డిగ్రీ అయ్యాక చేరేవి. పుణెలో సౌండ్ కోర్సుకి ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలని అడుగుతారు. చూశారా, ఈ ఎంపీసీ ఆ తలుపు కూడా తెరిచే ఉంచుతుంది. చేరే సంవత్సరం నోటిఫికేషన్ మాత్రం స్వయంగా చదువుకోవాలి.

ఇక అన్నం సంగతి. మీరు అడిగింది అదే కాబట్టి దాచకుండా చెబుతాను. తన పేరు మీద ఎలక్ట్రానిక్ సంగీతం చేసి, దాంతోనే ఇల్లు నడుపుకునేవాళ్లు చాలా తక్కువ. దాని మీదే ఆశ పెట్టుకుని చదువు మానేయమని నేను ఏ పిల్లాడికీ చెప్పను. కానీ దాని చుట్టూ పని ఉంది. సినిమా సంగీతంలో ప్రోగ్రామర్లు ఉంటారు. సంగీత దర్శకుడు ట్యూన్ హమ్ చేసి వినిపిస్తే దానికి బీట్, బేస్, శబ్దాలు కట్టేది వాళ్లే. ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ వైపు స్టూడియోల్లో రాత్రంతా ఈ పని నడుస్తుంది. అక్కడ డబ్బు ఆలస్యంగా వస్తుంది, పేరు తెర మీద పడుతుందో లేదో తెలియదు, పరిచయాలతోనే పని దొరుకుతుంది. గేమ్‌లకు శబ్దాలు చేసేవాళ్లు ఉన్నారు, వెబ్ సిరీస్‌లకు సౌండ్ డిజైన్ చేసేవాళ్లు ఉన్నారు. ఇవన్నీ కాక, హెడ్‌ఫోన్స్‌లో, ఫోన్లలో, కార్లలో ధ్వనిని సరిచేసే సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీర్లు ఉన్నారు. నెలనెలా జీతం వచ్చే పని ఇది, పైగా మీ వాడు ఇప్పటికే ఆ దారిలోనే ఉన్నాడు.

సొంత ట్యూన్లు బయటికి వెళ్లడం మొదలైన రోజు ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోమనండి. 1969 నుంచి ఉన్న సంస్థ, స్వరకర్తలకూ పాట రచయితలకూ రాయల్టీ వసూలు చేసి ఇస్తుంది. హక్కులన్నీ రాసిచ్చే కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దని కూడా చెప్పండి. దీని గురించి పిల్లలకి ఎవరూ చెప్పరు.

అటారీ విషయం. మీ వాడు దాన్ని ఎందుకు కోరుకుంటున్నాడో నాకు తెలుసు. సింథసైజర్లూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి అనే భాష 1983లో వచ్చింది. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీకి మిడి సాకెట్లు కంపెనీ నుంచే బిగించి వచ్చాయి. విడిగా కార్డు కొనే పని లేకపోవడంతో సంగీతం చేసేవాళ్లు దాని కోసం ఎగబడ్డారు. ముచ్చటైన యంత్రమే. కానీ ఇప్పుడు కొనొద్దు. దాని ఫ్లాపీలు దొరకవు, మానిటర్ దొరకదు, విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్, రవాణా. అమెరికా నుంచి వచ్చినదైతే 120 వోల్టులది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే ఒక్క క్షణంలో మాడిపోతుంది. వాడి చేతిలో ఉన్న కంప్యూటర్‌లోనే అటారీలా పనిచేసే హటారీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. డీఎక్స్7కి కూడా డెక్స్‌డ్ అనే ఉచిత ప్రతిరూపం ఉంది, అసలు యంత్రంలోని శబ్దాల ఫైళ్లు అందులోనూ తెరుచుకుంటాయి. ఇవి వాడు ఇప్పటికే చూసి ఉంటాడు. అయినా చేత్తో తాకే అసలు యంత్రమే కావాలంటాడు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది, కానీ దానికి ఒక హద్దు ఉండాలి.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు ఒక కుర్రాడు వచ్చేవాడు. ఉద్యోగం చేస్తూ నాలుగు సింథ్‌లు కొన్నాడు. ఇల్లంతా వైర్లే. మూడేళ్ల తర్వాత నీ పాట ఒకటి వినిపించు అంటే, ఎనిమిది బార్ల (ఎనిమిది తాళం ఆవర్తాల లాంటి) చిన్న ముక్కలు వందకు పైగా చూపించాడు. మొదలు నుంచి చివరి దాకా పూర్తయింది ఒక్కటీ లేదు. ఆ రోజు అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఏ పిల్లాడినైనా నేను అడిగే మొదటి ప్రశ్న నీ దగ్గర ఏమున్నాయి అని కాదు, నువ్వు ఏం పూర్తి చేశావు అని. మీరూ అదే అడగండి. ఎప్‌సెట్ అయ్యాక వేసవిలో మూడేసి నిమిషాలవి ఆరు ట్రాకులు పూర్తి చేస్తే, అప్పుడు కొత్త యంత్రం గురించి మాట్లాడదామని చెప్పండి. బాగున్నాయా లేవా అన్నది తర్వాత. ముందు పూర్తి కావాలి.

ఇదంతా మన సంగీతం కాదు కదా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటూ ఉండొచ్చు. 1969లోనే అహ్మదాబాద్‌లోని ఎన్‌ఐడీ అనే డిజైన్ విద్యాసంస్థలో మోగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు, మన విద్యార్థులు దాని మీద పనిచేశారు. 1982లో ముంబై సినీ సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ యంత్రాలతో పది రాగాలను డిస్కో బీట్ మీద వాయించి రికార్డు చేశారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయి విన్నది.

ఆ మాటకొస్తే మీ వాడికి నేను ఇచ్చే ఇంకో సలహా అదే. కర్ణాటక సంగీతం నేర్పించండి, గాత్రమైనా వీణైనా సరే. రామ్‌కోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, వెళ్లి కోర్సులూ సమయాలూ అడగండి. కీబోర్డు మీటలు నిలబడ్డ స్వరాలే ఇస్తాయి. తోడి రాగంలో గాంధారం అలా నిలబడదు, ఊగుతుంది. ఆ ఊపును ఎడమచేతి వైపున్న, స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ వీల్‌తో తేవాలంటే ముందు అది గొంతులో పలకాలి. శబ్దాలు చేయగలిగినవాళ్లు బోలెడుమంది ఉంటారు. రాగం తెలిసి శబ్దం చేసేవాళ్లు తక్కువ. స్టూడియోలో ఈ తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది.

ఇక పరీక్షల దాకా ఏం చేయాలి? కీబోర్డు పూర్తిగా ఆపేయించొద్దు. రోజూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు గంట ఇవ్వండి, ఆ తర్వాత దుప్పటి కప్పేయమనండి. శనివారం రాత్రి ఇంకో గంట ఎక్కువ. ఈ ఏర్పాటు వాళ్ల నాన్న నోటితో చెప్పించండి, మీ నోటితో కాదు. అమ్మేస్తానన్న మనిషే గంట సమయం ఇచ్చాడంటే వాడు ఆ మాట నిలబెట్టుకుంటాడు. ఆయన్ని ఒకసారి ఆ గదిలో కూర్చోబెట్టి గంట శబ్దం వినిపించమనండి. 1.40ని 1.50 చేసే బటన్ ఆయన చేతే నొక్కించమనండి.

మూత విప్పి రిపేర్లు చేసే అలవాటు ఉంటే ఒక్క హెచ్చరిక. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు, టంకం అన్నీ దొరుకుతాయి, చేయనివ్వండి, అదీ చదువే. కానీ పవర్ సప్లై ఉన్న భాగాన్ని మాత్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

చివరిగా వాడికి నా మాటగా ఇది చెప్పండి. డీఎక్స్7 లోపల శబ్దాలు గుర్తుంచుకునేది ఒక చిన్న 3 వోల్టుల బ్యాటరీ, బోర్డుకి టంకం వేసి ఉంటుంది. అది అయిపోయిన రోజు తను దాచుకున్న 32 శబ్దాలూ పోతాయి. వాటన్నింటినీ మిడి కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి పంపితే 4,104 బైట్లు. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు, కాబట్టి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. ఈ రాత్రే ఆ పని చేయమనండి. ఆ గుడి గంట కూడా అందులోనే ఉంది.