గీ ముచ్చట నీకెవరు చెప్పిన్రు?

హనుమకొండ

తమ్మీ,

ముల్కనూరు సహకార సంఘం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. అందులో సంఘాన్ని చెదల పుట్టతో పోల్చావు. పుట్టలో మేస్త్రీ ఉండడు, ముందు పెట్టిన మట్టిముద్దను బట్టి తర్వాతి పురుగు తన ముద్ద పెడుతుంది అన్నావు. ఆ సంగతి 1959లోనే ఫ్రాన్స్ శాస్త్రవేత్త పియెర్ పాల్ గ్రాసే చెప్పాడు. దానికి 'స్టిగ్మెర్జీ' అని పేరు పెట్టిందీ ఆయనే. నీ వ్యాసంలో ఆయన ఊసే లేదు.

దొంగతనం చేశావని అనట్లేదు. ఎక్కడో చదివి ఉంటావు, అది నీలో ఇంకిపోయి ఉంటుంది. జీవులను చూసి సంఘాలను అర్థం చేసుకునే ఈ దారిలో చాలామంది నడిచారు. జీవి తన చుట్టుపక్కలతో ఇచ్చిపుచ్చుకుంటూ బతుకుతుందన్న బెర్టలాన్ఫీ జీవశాస్త్రవేత్త. మనిషి నరాల వ్యవస్థను చూసి కంపెనీ ఎలా నడవాలో 1972లో పుస్తకం రాశాడు స్టాఫర్డ్ బీర్. గ్రాసేను నువ్వు ఫ్రెంచిలో చదవలేదు కదా, నేనూ చదవలేదు. ఎవరి పుస్తకం వల్ల తెలిసిందో వాళ్ల పేరు కూడా రాయాలి.

నా తప్పు ఒకటి చెప్తాను. గొలుసుకట్టు చెరువుల గురించి రాస్తూ, పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువు నిండుతుంది, సంఘంలో పంపకం కూడా అట్లాగే ఉండాలి అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. నిజానికి ఆ మాట పాకాల వైపు ఒక ముసలి నీరటి, అంటే పొలాలకు చెరువు నీళ్లు వదిలే మనిషి, చెరువు కట్ట మీద కూర్చోబెట్టి నాకు చెప్పాడు. వ్యాసంలో కాకతీయ రాజు గణపతిదేవుడి పేరు రాశాను, ఆ నీరటి పేరు రాయలేదు. అచ్చయ్యాక తీసుకెళ్లి చదివి వినిపించాను. అంతా విని, "మంచిగ రాసినవ్ సారూ. గీ ముచ్చట నీకెవరు చెప్పిన్రు?" అని అడిగాడు. నాకు మాట రాలేదు. ఆ వ్యాసం ఉన్న పుస్తకం రెండో ముద్రణలో ఆయన పేరు చేర్చాను. మొదటి ముద్రణ కొన్నవాళ్లకు ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

పేర్లు చెప్తే నీది తగ్గిపోతుందని భయపడకు. గ్రాసేది గ్రాసేకు ఇచ్చేస్తే నీది ఏదో బయటపడుతుంది. చెదపురుగు జనరల్ బాడీలో లేచి లెక్క అడగదు. 1956 నుంచి నడుస్తున్న ఆ సంఘంలో సభ్యుడు అడుగుతాడు. పుట్ట పోలిక ఆగిపోయేది అక్కడే. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, నాకైతే అదే అసలు వ్యాసం అనిపించింది.

ఆ పేరా తిరగరాసి పంపు. సంఘంలో నీకు పాత లెక్కల పుస్తకాలు చూపించిన పెద్దాయనను కూడా, పేరు రాయొచ్చా అని ఒకసారి అడిగి రా.

నీ అన్న