నాలుగో రోజుకే ఆగిపోయే వాకింగ్ గురించి

తమ్ముడూ, "షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. ఈ ఏడాది ఆరుసార్లు వాకింగ్ మొదలుపెట్టా, ప్రతిసారీ నాలుగో రోజుకే ఆగిపోతోంది. కర్నూలులో రూములో ఉంటా, మెస్సులో తింటా. నాకు పట్టుదల లేదేమో" అని రాశావు. పట్టుదల సంగతి పక్కన పెట్టు. ఇది నేను పడి లేచిన దారే కాబట్టి రాస్తున్నా.

అనంతపురంలో నాది హార్డ్‌వేర్ అంగడి. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకు దించుతా. 2019లో నాకు హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో చెప్పే పరీక్ష అది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5కి చేరితే షుగర్ జబ్బు కిందే లెక్క. షుగర్ వల్ల మా నాయనకు కాలి వేలు తీసేశారు. ఆ రిపోర్టు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లారగానే అన్నీ ఒక్కసారే పెట్టుకున్నా. పొద్దున ఐదుకు పీటీసీ గ్రౌండ్‌లో గంట నడక, రాత్రి అన్నం బంద్, ఉగ్గాని బజ్జీ బంద్. పంతొమ్మిది రోజులు సాగింది. తర్వాత ధర్మవరంలో బంధువుల పెళ్లి, నాలుగు రోజులు అక్కడే. తిరిగొచ్చాక ఐదింటికి మెలకువ వచ్చినా లేవబుద్ధి కాలేదు. ఒకసారి తెగింది కదా, ఇంకేముంది అనిపించింది. రెండేళ్లలో ఇట్లా నాలుగుసార్లు జరిగింది.

నేను పెట్టుకున్నవన్నీ బాగున్న రోజుకు సరిపోయేవని అప్పుడు తెలిసింది. లారీ లోడు రాత్రి పదకొండుకు దిగే రోజు, బిడ్డకు జ్వరం వచ్చిన రోజు, మే నెలలో ఒళ్లు ఉడికిపోయే రోజు, ఇలాంటివి నెలకు పది ఉంటాయి. ఆ పది రోజుల్లో కూడా చేయగలిగేది ఏదో వెతుక్కుని దాన్నే నియమం చేసుకున్నా. రాత్రి తిన్నాక పది నిమిషాలు, మా సందు మొదలు నుంచి వేపచెట్టు దాకా ఆరుసార్లు. షూ అక్కర్లేదు, చెప్పులు చాలు. తిన్న వెంటనే నడిస్తే కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడుకుంటాయి, షుగర్ అంతగా ఎగబాకదు. ఓపిక ఉన్న రోజు అదే అరగంట అవుతుంది. వారానికి 150 నిమిషాలు నడవాలని డాక్టర్లు చెప్పే లెక్కకు మెల్లగా చేరుకున్నా, అక్కడి నుంచి మొదలుపెట్టలేదు.

తిండి దగ్గర అసలు చిక్కు సంగటితో వచ్చింది. రాగి సంగటి ఎంత తిన్నా ఏమీ కాదని మనవైపు గట్టి నమ్మకం. రాగుల్లో పీచు, కాల్షియం బాగా ఉన్నమాట నిజమే. కానీ సంగటిలో బియ్యమూ పడుతుంది, మెత్తటి పిండి తొందరగా అరుగుతుంది. మా తాత మూడు ముద్దలు తిని మడక దున్నేవాడు. నేను తినేసి కౌంటర్ వెనక కుర్చీలో కూర్చుంటా. తక్కువ పెట్టమంటే అమ్మకు మనసొప్పలేదు, "పని చేసే బిడ్డవు, ఒక ముద్దతో ఎట్లా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెతో వాదించలేదు. అమ్మ సంగటి గెలికి, తడి చేసిన స్టీలు గిన్నెలో వేసి గిరగిరా తిప్పుతుంది, ముద్ద సైజు ఆ గిన్నెదే. పాత్రల అంగట్లో దానికంటే చిన్న గిన్నె ఒకటి తెచ్చి ఇచ్చా. ఇప్పటికీ రెండు ముద్దలే పెడుతుంది, ఆమెకు తృప్తిగా ఉంది. ముద్ద తగ్గిన చోట ఆకుకూర పప్పో, అలసందల కూరో రెండు గరిటెలు ఎక్కువ పడుతుంది. ఇంట్లో అందరికీ అదే గిన్నె కాబట్టి "నాకు వేరే వంట" అనే మాటే రాలేదు.

నూనెకు మా ఆవిడ క్యాను మీద తెరిచిన తేదీ రాయడం మొదలుపెట్టింది. నెలకు ఐదు లీటర్లయ్యేది ఇప్పుడు మూడున్నర.

ఒకరోజు తప్పితే ఏంటని నీకు భయం ఉంది కదా. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అలవాటు ఒంటికి పట్టడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన పెద్దగా తేడా రాలేదట. ఇది ముందే తెలిసి ఉంటే ధర్మవరం నుంచి వచ్చిన మర్నాడే నేను మళ్లీ లేచేవాణ్ణి.

నీకు మెస్సులో గిన్నె మార్చే వీలు లేదు. కానీ కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తినొచ్చు, అట్లా తింటే షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. రెండోసారి అన్నం వడ్డించేలోపే చెయ్యి అడ్డం పెట్టు. మెస్సు నుంచి రూముకు చుట్టూ తిరిగి నడిచి రా. వాన పడినా, డ్యూటీ ఆలస్యమైనా ఆ దారి ఎట్లాగూ నడవాల్సిందే. మాత్రలు వాడుతుంటే మాత్రం తిండి తగ్గించే ముందు డాక్టరును అడుగు, షుగర్ మరీ పడిపోవచ్చు.

కిందటిసారి నాకు 5.8 వచ్చింది. మూడు నెలలయ్యాక పరీక్ష చేయించుకుని నీ అంకె ఎంతో రాయి, ఎదురుచూస్తుంటా.