ఫిట్జ్‌రాయ్‌లో అమ్మానాన్నలతో ఆదివారం బ్రంచ్

విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్నలను మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్‌లో ఆదివారం బ్రంచ్‌కి ఎక్కడికి తీసుకెళ్లాలి, అమ్మగారు గుడ్డు ముట్టరు, నాన్నగారికి కాఫీ పొగలు కక్కాలి అన్నారు కదా. నా ఓటు బ్రన్స్‌విక్ స్ట్రీట్‌లోని మారియోస్‌కి. 1986 నుంచి ఉన్న పాత ఇటాలియన్ కెఫే. టేబుల్ మీద తెల్లగుడ్డ, టేబుల్ దగ్గరికొచ్చి అడిగే మనుషులు, పెద్దవాళ్లకి హాయిగా ఉంటుంది. అమ్మగారికి పాస్తా చెప్పే ముందు పిండిలో గుడ్డు కలిపారేమో కనుక్కోండి. టోస్ట్ మీద పుట్టగొడుగులో అవొకాడోనో చెబితే మాత్రం గుడ్డు వద్దని ముందే చెప్పాలి, లేకపోతే పైన ఒకటి వేసి తెస్తారు.

ఇక కాఫీ. ఇక్కడ పాలు 60-65 డిగ్రీల దగ్గరే ఆపేస్తారు, మనవాళ్లకి అది చల్లారిన కాఫీయే! నాన్నగారికి "స్ట్రాంగ్ లాటే, ఎక్స్‌ట్రా హాట్" అని చెప్పండి. చికోరీ రుచి మాత్రం ఆశించొద్దు.

కాఫీ మీద పిచ్చి ఉంటే పక్కనే కాలింగ్‌వుడ్‌లో ప్రౌడ్ మేరీ అనే కాఫీ షాపు ఉంది, కానీ వారాంతంలో క్యూలో పెద్దవాళ్లను నిలబెట్టడం కష్టం. రోజ్ స్ట్రీట్‌లో లూన్ అనే బేకరీ క్రోసాంట్లూ (పొరలు పొరలుగా ఉండే వెన్న రొట్టెలు) ఫేమస్సే. అయితే క్రోసాంట్ మీద ఆ మెరుపు సాధారణంగా గుడ్డు పూతదే, అమ్మగారికి కొనేముందు అడగండి.

సిటీ నుంచి 11వ నంబర్ ట్రామ్ ఎక్కండి. ఫిట్జ్‌రాయ్ ట్రామ్ ఉచితంగా ఎక్కగలిగే ఫ్రీ జోన్‌లో లేదు, మైకీ కార్డు (ఇక్కడి టికెట్ కార్డు) టచ్ చేయాలి. చాలాచోట్ల ఆదివారం బిల్లు మీద అదనపు చార్జీ వేస్తారు, నాన్నగారు చూడకముందే కట్టేయండి.